కంప వేయని నీళ్లు

ప్రొద్దుటూరు,
29-8-1960.

అమ్మ పోయిన తర్వాత నాకు అమ్మవైన కమలక్కకు, తమ్ముడు జనార్దనం రాసేది.

నాలుగు నెలలుగా నా దగ్గర నుంచి కార్డు ముక్క లేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. రావలసిందే. ఉగాది నుంచి మూడు వారాలు మీ ఇంట్లో తిష్ఠ వేసి, రోజూ నీ చేత రొట్టెలు మూట కట్టించుకుని కొండకు పోయినవాణ్ని, ఒకనాటి సాయంత్రం నీకు చెప్పకుండా తొండూరు రోడ్డెక్కి లారీ పట్టుకుని వచ్చేశాను. నా చొక్కాలు రెండు, దువ్వెన మీ ఇంట్లోనే ఉండిపోయాయి. స్టూడియోలో పెళ్లి పని తగిలిందని తర్వాత కబురు చేశాను. అది అబద్ధం. ఎవరిదో పెళ్లి జరిగే ఉంటుంది గానీ నన్ను పిలిచినవాళ్లు లేరు.

ఈ ఉత్తరం బావ చేతిలో పడకూడదని మీ ఊరి బడిలో శ్యామలమ్మ టీచరు పేర వేస్తున్నాను. ఆమె ఇవ్వగానే ఒక్కదానివే కూర్చుని చదువు. చదివాక పొయ్యిలో వేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం.

నేను అడవి మృగాల ఫోటోలు తీస్తానంటే నీకు మొదటినుంచీ నవ్వే. "పందులు తల దువ్వుకుని వస్తాయేమిరా నీ ముందుకు" అనేదానివి. నిజమే, ఊళ్లో నగలన్నీ దిగేసుకుని బిగుసుకుని కూర్చునే జనాన్ని తీసి తీసి విసుగెత్తి, ఎవరూ సర్దుకుని కూర్చోని బొమ్మ ఒక్కటి తీయాలని నాకు పిచ్చి పట్టింది. నాకు ఆ కెమెరా అమ్మిన జమ్మలమడుగు దేవపాలు మాస్టారు ఆ పిచ్చికి గురువు. ఆయన బడి నుంచి రిటైరయ్యేదాకా సెలవులన్నీ కొండల్లోనే గడిపిన మనిషి. రాళ్లు పేర్చి, పైన బోదగడ్డి కప్పి, ముందర అరచేతి వెడల్పు కంత వదిలి మాటు ఎట్లా కట్టాలో నేర్పాడు. సబ్బు రుద్దుకోవద్దన్నాడు, బీడీ వద్దన్నాడు. "మాటులో కూర్చున్నోడు లోకంలో లేనట్టే అప్పా. దగ్గినావంటే మళ్లా పుట్టినట్టు" అని చెప్పేవాడు. ఆ మాట నాకు శానా నచ్చింది. అంతగా నచ్చకుండా ఉంటే బాగుండేది.

మీ ఊరి వెనక కొండలో ఆ దొన నీకు తెలిసిందే. రాతిలో నాలుగు మంచాలంత గుంట, ఎండాకాలం చుట్టూ ఐదు మైళ్లలో అదొక్కటే నీళ్లు. నెమళ్లు వచ్చేవి, జింకలు వచ్చేవి, కుంటుకుంటూ ఒక ముసలి ఎలుగు వచ్చేది. పొద్దు వాలేటప్పుడు పందులు పిల్లలతో సహా దిగేవి. ఆ పందులే మీ బావి కింద చెనిక్కాయ చేను దున్నినట్టు దున్నేస్తున్నాయని బావ అన్నం ముందర కూర్చుని తిట్టడం నేను రోజూ వింటూనే ఉన్నాను. నవ్వుతూ విన్నాను.

నేను వచ్చేసిన ఆరోజు సాయంత్రం ఐదు గంటలప్పుడు బావ దొన దగ్గరికి వచ్చాడు. పులివెందుల తాలూకాఫీసుకు పోతున్నానని పొద్దున నీతో చెప్పి బయల్దేరిన మనిషి. తెల్ల చొక్కా, పంచె, చేతిలో తువ్వాలు చుట్టిన డబ్బా. ఎడమ భుజం కొంచెం దించి నడిచే ఆ నడక నేను పది మైళ్ల నుంచైనా గుర్తుపడతాను. డబ్బా మూత తీసి నీళ్లలో వంచాడు. పక్క రాయికి చెయ్యి తుడుచుకుని ఒక నిమిషం నిలబడి చూశాడు. అప్పుడు మాటులో నా వేలు కెమెరా మీట నొక్కింది. నేను నొక్కానని చెప్పలేను, అలవాటు మీద వేలు నొక్కింది. ఆయన వెళ్లాక గాలి ఇటు తిరిగితే వాసన వచ్చింది. మీ అటక మీద పెట్టిన కొత్త పురుగుమందు వాసన.

అక్కా, చెడ్డ నీళ్ల పద్ధతి నీకు నేను చెప్పనక్కర లేదు. ఏ గుంటలో నీళ్లు పాడైనా గొర్రెలవాళ్లు అడ్డంగా రేగుకంప వేసి పోతారు. కంప చూస్తే ఇంక ఆ నీళ్లు మనిషి ముట్టడు, మందను పోనివ్వడు. నీళ్ల దగ్గర నుంచి ఆఖరున లేచినవాడే ఆ కంప వేయాలి. ఆరోజు ఆఖరున లేచినవాణ్ని నేను. పక్కనే రేగుచెట్టు ఉంది. ఒక కొమ్మ విరిచి వేయడానికి వక్క నమిలినంత సేపు పట్టదు. నేను వేయలేదు.

ఎందుకు వేయలేదంటే, నీ కోసం. కంప వేస్తే ఎవరు వేశారని అడుగుతారు, ఎందుకు వేశావని నన్ను అడుగుతారు, ఊరికి కరణమైనవాడు అడవిలో నీళ్లకు మందు కలిపాడని బయటపడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను. తాగితే పందులు తాగుతాయి, అంతే కదా అనుకున్నాను.

మరునాడు పొద్దున ఓబులమ్మ కొడుకు చెన్నకేశులు మందను తోలుకుని ఆ నీళ్లకు వచ్చాడు. గొర్రెలు దిగి కలగబెట్టకముందే కాపరి తాగుతాడు కదా, ముందు తాను తాగాడు. ఆ తర్వాత సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొదల్లో రెండు పందులు చచ్చి పడి ఉన్నా, పాము కరిచి చచ్చిపోయాడని పంచనామా అయింది. ఊరి కరణం రాత అది. నేను ఇక్కడ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పోలీసులు వచ్చారు. ఓబులమ్మ పోయి మొత్తుకున్నదట. అప్పటికే నేను ఆ సాయంత్రం తీసిన పందుల ఫోటోలు అద్దంలో పెట్టి అంగడి ముందర వేలాడదీశాను. అవి అదే దొన దగ్గర తీసినవని తెలిసి, పన్నెండు బొమ్మల ఫిల్ము రోలు ముక్క కోయకుండా మొత్తం తెమ్మన్నారు. ఒక్క పొద్దు గడువు. బావ పడిన అయిదో బొమ్మ కత్తిరిస్తే నెంబరు తప్పుతుంది. అప్పుడు చేశాను నా పనితనమంతా. అమ్మవారు పోసిన మచ్చలు మాయం చేసేవాడికి మనిషిని మాయం చేయడం ఎంతసేపు? నెగెటివ్ మీద తెల్ల గుడ్డ నల్లగా పడుతుంది, ఆ నలుపును సన్న కత్తితో గీకాను. ముఖం, చేతులు తేటగా పడతాయి, వాటి మీద పెన్సిలు పూశాను. బావ పోయాడు. ఆ చోట నిలువెత్తున పొగలాంటి మచ్చ మిగిలింది.

ఇన్‌స్పెక్టరు చూసి, ఫిల్ము చెడిందేమయ్యా అని నవ్వి తిరిగి ఇచ్చేశాడు. వెంట వచ్చిన కానిస్టేబులు మాత్రం నవ్వలేదు. అది చచ్చినవాడి ఆత్మ అన్నాడు. వారం తిరిగేసరికి ఊరంతా అదే మాట. ఆ బొమ్మ చూడడానికి మొదట వీధిలోవాళ్లు వచ్చారు, తర్వాత పల్లెల నుంచి వచ్చారు. ఒకాయన కర్పూరం తెచ్చి వెలిగించబోతే తిట్టి పంపాను.

వైశాఖంలో ఓబులమ్మ వచ్చింది. "అప్పా, నా కొడుకు ఈడ ఉండాడంట. సూపిస్తావా?" అంది. ఏమని చెప్పను? చూపించాను. చానాసేపు చూసింది. వెంట తెచ్చిన చెంబులో నీళ్లు ఆ బొమ్మ ముందర పెట్టి, దప్పికతో పోయినాడని చెప్పి వెళ్లిపోయింది. అప్పటి నుంచి సంతకు వచ్చినప్పుడల్లా వస్తుంది. నీళ్లు పెడుతుంది, నా ముఖం వంక చూస్తుంది, కాసేపు కూర్చుని పోతుంది. తన కొడుకును చంపిన మనిషి ముందర నీళ్లు పెడుతున్నదని నేను ఆమెతో చెప్పలేను.

నాకు అన్నం సయించడం లేదు. ఎవరైనా గుటక వేసి నీళ్లు తాగుతుంటే లేచి బయటికి పోతాను. పెళ్లి గుంపుల బొమ్మలు కడిగేటప్పుడు ఆ మచ్చ పెళ్లికొడుకు వెనక నిలబడి ఉందేమోనని ముందు అక్కడే వెతుకుతాను. మొన్న ఒక దాంట్లో కనిపించింది కూడా. మళ్లీ కడిగితే లేదు. దయ్యాలంటే నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. నేను చేతులారా తయారుచేసిన దయ్యాన్ని నమ్మకుండా ఎట్లా ఉండను?

ఇప్పుడు ఓబులమ్మ ఆ బొమ్మ తనకు ఇవ్వమంటోంది. కొడుకుకు వేరే ఫోటో లేదు. వచ్చే పెద్దల అమావాస్యకు దాన్ని గోడకు పెట్టి, బొట్టు పెట్టి, కొత్త గుడ్డ చూపించి, కూడు పెట్టుకుంటుందట. అమావాస్య ఇరవయ్యో తేదీ. ఇస్తే బావకు కూడు పెడుతుంది. ఇవ్వనంటే ఎందుకివ్వవో చెప్పాలి. చెబితే నీ కాపురం ఏమవుతుందో నాకు తెలియదు. మొన్న జమ్మలమడుగు పోయి దేవపాలు మాస్టారి దగ్గర అంతా కక్కేశాను. మీ అక్కకు రాయి, ఆమె ఎట్లా చెబితే అట్లా చెయ్యి అన్నాడు.

అందుకే రాస్తున్నాను. నువ్వు ఇవ్వమంటే ఇస్తాను, తగలబెట్టమంటే తగలబెడతాను.

నీ మాట కోసం కాచుకుని ఉండే తమ్ముడు,
జనార్దనం.


ప్రొద్దుటూరు,
7-9-1960.

అక్కా,

తొమ్మిది రోజులైంది, నీ దగ్గర నుంచి జవాబు లేదు. కోపమైతే రెండు తిట్లు రాయి. నువ్వు ఊరుకుంటే భయంగా ఉంది.

ఓబులమ్మ నిన్న మళ్లీ వచ్చింది. బొమ్మకు అద్దం కట్టించి ఇస్తావా, ఊరికే ఇస్తావా అని అడిగింది. అద్దం కట్టే మనిషి ఊళ్లో లేడని చెప్పాను. ఆమె వెళ్లాక కూర్చుని, నీకు రాసిన ఉత్తరం మనసులో మళ్లీ చదువుకున్నాను. అందులో ఒక అబద్ధం ఉంది. నిన్ను మోసం చేయాలని రాయలేదు. రాసేటప్పుడు నేను కూడా నిజమనే నమ్మాను.

నీ కోసం కంప వేయలేదని రాశాను. ఆ సాయంత్రం నువ్వు నాకు గుర్తే లేవక్కా. బావ వెళ్లిన పావుగంటకు పందులు దిగాయి. ముందర పెద్ద ఆడపంది, వెనక వరసగా ఏడు పిల్లలు. పొద్దు సరిగ్గా వాటి వీపుల మీద పడింది. రోమాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. మూడు వారాలు కాళ్లు తిమ్మిరెక్కి కూర్చున్నది ఆ వెలుతురు కోసమే. నీళ్లలో ఏముందో నాకు తెలుసు. ఒక్క దగ్గు దగ్గితే అన్నీ పారిపోయేవి. నేను దగ్గలేదు. ఆరు నుంచి పన్నెండు దాకా ఏడు బొమ్మలూ తీశాను. పిల్లలు మూతులు నీళ్లలో పెడుతుంటే ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు అని లోపల బతిమాలుకున్నాను.

తర్వాత మాటులో నుంచి పరుగెత్తాను. భయపడి కాదు, సంతోషంతో. తెల్లారేలోగా రోలు కడగాలని. రేగుచెట్టు పక్క నుంచే పరుగెత్తాను, చొక్కా ముల్లుకు తగులుకుంటే లాక్కుని మరీ పోయాను. కంప సంగతి లారీ ఎక్కి ముద్దనూరు దాటాక గుర్తొచ్చింది. అప్పుడైనా దిగి ఉండొచ్చు. పొద్దున పోదాంలే, బొమ్మలు చూసుకుని పోదాంలే అనుకున్నాను. పొద్దున బొమ్మలు చూసుకుంటూ కూర్చున్నాను. అంత మంచి బొమ్మలు నా జన్మలో తీయలేదు. నా సంతోషం పట్టలేక అద్దంలో పెట్టి వేలాడదీసిన వేళకు చెన్నకేశులు చచ్చిపోయి ఉన్నాడు.

నీ కాపురం, బావ పరువు, అవన్నీ కబురు తెలిసిన తర్వాత వెతుక్కున్న సాకులు.

జనార్దనం.


14-9-1960.

జనార్దనానికి, అక్క కమలాంబ రాసేది. దీవెనలు తర్వాత చూద్దాం.

నీ మొదటి ఉత్తరం చదివి జవాబు రాయాలని రెండు మాట్లు కూర్చున్నాను. నా పసుపు కుంకుమల పేరు చెప్పి నోరు మూసుకున్నానని రాసినవాడికి ఏం రాయాలో తోచక లేచిపోయాను. నేను నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. నువ్వు దేని ముందరైనా మైమరిచి నిలబడితే ఎదురుగా ఇల్లు కాలినా కనపడదు. అది నాకు తెలుసు. రెండో ఉత్తరం వచ్చాక గానీ నాకు చెయ్యి ఆడలేదు.

నువ్వు దాచిపెట్టింది నాకు ముందే తెలుసు. ఆరోజు సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చొక్కా వాసన నాకు తెలిసింది. మూడు మాట్లు ఉతికినా పోలేదు. అడిగితే దాచలేదు. అయ్యో, వాడు మాటులో ఉంటాడే అన్నాను. ఆయన తడుముకోకుండా చెప్పిన మాట రాస్తున్నాను, విను. "వాడు లోపలుండేది నాకు తెలుసులే. ఇంటోడే గదా, చూస్తే ఏమి? ఆఖర్న లేచేది వాడే. కంప వాడేస్తాడు." పొద్దున్నే గడ్డపార తీసుకుపోయి దొన అంచు పగలగొట్టి నీళ్లు వదిలేయాలని ఆయన ఆలోచన. నువ్వు కంప వేసి ఉంటావన్న ధీమాతో తీరుబడిగా ఎండెక్కినాక బయల్దేరాడు. దొన దగ్గర కంప లేదు, చెన్నకేశులు ఉన్నాడు. అప్పటికి ఇంకా ఒళ్లు వెచ్చగానే ఉందట.

ఆయన పాము అని రాసేటప్పుడు సిరాబుడ్డి ఒరగకుండా పట్టుకున్నది నేనే. నువ్వొక్కడివే పాపాత్ముడివని అనుకోకు. ఈ నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని అన్నం తినలేదు. ఆయన బావి నీళ్లు కూడా దోసిట్లో పట్టి వాసన చూసి గానీ తాగడు.

శనివారం నీ ఉత్తరాలు రెండూ ఆయనకు చదివి వినిపించాను. నన్ను దాచమన్నావు గానీ, దాచడానికి నాకు ఇంక చోటు లేదు. పందిపిల్లల దగ్గరికి వచ్చేసరికి తల వంచుకున్నాడు. అయిపోయాక, మళ్లీ చదువు అన్నాడు. మళ్లీ చదివాను. ఆదివారం తెల్లవారి ఇద్దరం ఓబులమ్మ గుడిసెకు పోయాము.

ఆమె తడిక ముందర గొర్రెలకు ఆకు వేస్తోంది. ఆయన నిలబడే ఉన్నాడు. నేనే చెప్పాను. డబ్బా, నీళ్లు, నువ్వు, నీ బొమ్మ, గీకడం, అంతా. కొడుతుందనుకున్నాను. మన్నెత్తి పోస్తుందనుకున్నాను. ఆకు వేయడం ఆపకుండా విని, ఆ మచ్చ తన కొడుకు కాదని మొదటి దినమే తెలుసునంది.

"గొర్లోడు కట్టె లేకుండా నిలబడతాడా? కట్టె మింద గడ్డం ఆనించి ఒంటికాలి మింద నిలబడేటోడు నా కొడుకు. ఆ మచ్చ సేతులు ఏలాడేసుకోని తాసిల్దారు మాదిరి నిలబడింది. ఎవురినో తుడిపేసినాడు అనుకుంటి" అంది.

మరి వారం వారం ఎందుకు పోయావని అడిగాను. నీ నోరు తెరుచుకుంటుందేమో చూద్దామని పోయిందట. నీళ్లు అక్కడ పెట్టి నీ ముఖం చూసేదట. ఆఖరుకు బొమ్మ ఇవ్వమని అడిగిందీ అందుకే. ఇంత అడిగితేనైనా చెప్పకపోతాడా అనుకుందట. నువ్వు అద్దం కట్టేవాడు లేడని చెప్పావు.

అప్పుడు ఆయన ఆమె ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చోవద్దంది. ఆమె అడిగింది వేరే. "నీళ్లు సెడ్డాయని నా కొడుక్కి నోట్లో పడినంక తెలిసింది. తెలిసి, నూట ఇరవై గొర్లను తరిమి తరిమి, ఒగటి గూడా తాగకుండా సూసి పడిపాయె. పాము అని రాస్తిరి. పాము కరిచి సచ్చినోడు అయిపాయె. వాడు సేసింది యాడికి పాయె సామీ?" అని ఆయన్ను అడిగింది. నాలుగు నెలలు మనం మన భయాలు మనం చూసుకున్నాము గానీ, గొర్రెలన్నీ ఎట్లా బతికాయని మనలో ఒక్కరికీ తోచలేదు.

ఆమె చెప్పింది ఇది. కరణం పాము అని రాసిన చేత్తోనే నిజం రాసి పులివెందుల స్టేషనులో ఇవ్వాలి. ఆయన నిన్ననే రాసేశాడు, ఉద్యోగం వద్దని ఇంకో కాయితం కూడా రాశాడు. అమావాస్య మరునాడు, బుధవారం పొద్దున రెండూ తీసుకుని పులివెందుల పోతాడు. పట్టుకుంటారో, వదులుతారో దేవుడికి తెలుసు. నన్ను అడగలేదు, నేనూ వద్దనలేదు. రెండోది నీ పని. నీ ఉత్తరాలు రెండూ ఓబులమ్మకు ఇచ్చేశాను. చదువు రాకపోయినా మడిచి కొంగున కట్టుకుంది. మంగళవారం అమావాస్యనాడు తన వాకిట్లో, కూడు పెట్టేముందు, గొర్రెలవాళ్లందరూ కూర్చుని ఉండగా నువ్వు వాటిని చదవాలి. నేను చదువుతానంటే ఒప్పుకోలేదు. శ్యామలమ్మ టీచరు చదువుతుందన్నా ఒప్పుకోలేదు. చూసినోడే చెప్పాలంది. సంతోషంతో పరుగెత్తానని రాశావే, అది కూడా వదలకుండా చదవాలి. ఆయన అందరిలో కూర్చుని వింటాడు. నేను ఆయన పక్కన కూర్చుంటాను.

నువ్వు వస్తావని మాట ఇచ్చి వచ్చాను. రాకపోతే నీ కోసం ఎవరూ పోలీసులను పంపరు. ఓబులమ్మ ఆ కాయితాలు నీ అంగడికి తెచ్చి, నీ ముందర పెట్టి, ఎప్పటిలాగా కూర్చుని పోతుంది. ఎన్నేళ్లయినా వస్తుంది, ఆమెను చూస్తే నాకు అట్లానే అనిపించింది.

మంగళవారం మొదటి బస్సుకు రా. తొండూరు రోడ్డు మీద ఉంటాను. ఆ వాకిలి నీకు తెలియదు, నేను తీసుకుపోతాను. కెమెరా తేవద్దు.

అక్క,
కమలాంబ.